వానలో బండి – నాలుగో పాఠం: ముందు బ్రేకు మీద భయం

ఈసారి మలుపుల గురించి రాస్తానని చెప్పాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. మూడో పాఠం చివర ఇచ్చిన బ్రేకుల సాధన చేసినవాళ్ళలో చాలామందికి వెనక చక్రం జారింది. ఇద్దరు పడ్డారు. మోకాళ్ళు గీసుకుపోవడంతో సరిపోయింది కానీ, విన్నప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఏం చేశారో ఒక్కొక్కరినీ అడిగాను. మాటలు వేరైనా అందరూ చెప్పింది ఒకటే: "మెల్లగా పట్టమన్నారు కదండీ, అందుకని ముందు బ్రేకు జోలికే పోలేదు."

నేను రాసిన వాక్యం "తడి రోడ్డు మీద బ్రేకు మెల్లగా పట్టాలి" అని. అది సగం వాక్యం. మెల్లగా మొదలుపెట్టాలి, ఆ తర్వాత గట్టిగానే పట్టాలి అని పూర్తిగా రాయాల్సింది. మెల్లగా అంటే మీరు కొంచెంగా అనుకున్నారు. కొంచెంగా అనేసరికి వెనక చక్రాన్ని ఆపే కాలి బ్రేకు ఒక్కటీ చాలనుకున్నారు. పొరపాటు నా రాతలో ఉంది కాబట్టి ఈ పాఠంలో ఎక్కువ భాగం దానికే.

"వానలో ముందు బ్రేకు పడితే పడిపోతావు." బండి నేర్పేటప్పుడు ఎవరో ఒకరు ఈ మాట చెప్పకుండా ఉండరు. నాకూ చెప్పారు, నేనూ నాలుగైదేళ్ళు నమ్మాను. ఇప్పుడు ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఆ రోజుల్లో ఒక వాన సాయంత్రం ముందు వెళ్తున్న కారు ఆగింది. కాలి బ్రేకు బలంగా తొక్కాను. వెనక చక్రం తిరగకుండా లాకైపోయి, బండి పక్కకి తిరుగుతూ, జారుకుంటూ పోయి కారు బంపరుకు తగిలింది. ఆ సేపంతా నా కుడి చెయ్యి ముందు బ్రేకు లివరు మీదే ఉంది. ఒక్కసారి కూడా నొక్కలేదు. నొక్కి ఉంటే కారు వెనక ఇంకా నాలుగు అడుగుల ఖాళీ మిగిలేది.

ఎందుకో చూడండి. బస్సు డ్రైవరు బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్ళంతా ముందుకి తూలుతారు కదా, బండి బరువు కూడా అలాగే ముందుకి వాలుతుంది. బరువు పడిన చక్రానికే రోడ్డు మీద పట్టు దొరుకుతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఆపే పనిలో ముప్పాతిక వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ముందు చక్రమే చేస్తుంది. తడిలో అంత గట్టిగా పట్టలేం కాబట్టి బరువు కాస్త తక్కువగా ముందుకి వస్తుంది. అయినా సుమారుగా మూడింట రెండు వంతుల పని ముందు చక్రానిదే. వెనక చక్రం అప్పటికే తేలికైపోయి ఉంటుంది. దాన్నొక్కదాన్నే పట్టుకుని ఆపాలని చూస్తే అది తిరగడం మానేసి జారడం మొదలుపెడుతుంది. మీకు జరిగింది ఇదే.

లెక్క కూడా చెప్తాను. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. ప్రమాదం చూసి చెయ్యి కదిలేసరికే ఆ 11 మీటర్లు అయిపోతాయి. ఆ తర్వాత మంచి టైర్లతో, తడిసిన తారు రోడ్డు మీద రెండు బ్రేకులూ సరిగ్గా పడితే ఇంచుమించు 12 మీటర్లలో ఆగొచ్చు. వెనక బ్రేకు ఒక్కటే అయితే 25 మీటర్లు దాటుతుంది. 60లో ఉంటే బ్రేకు పడ్డాక పోయే ఈ దూరాలు రెట్టింపు కంటే ఎక్కువవుతాయి, వేగం పెరిగిన దానికి వర్గంలో దూరం పెరుగుతుంది కనుక.

మరి ముందు బ్రేకు పట్టి పడ్డామని చెప్పేవాళ్ళవి అబద్ధాలా? కావు. నిజంగానే పడ్డారు. అయితే వాళ్ళు బ్రేకును పట్టలేదు, గుంజారు. ఈ రెండిటికీ తేడా మీ వేళ్ళకి తెలిసేదాకా చెప్పడం నా బాధ్యత.

బండి స్టాండు మీద ఉండగా లివరు మీద వేళ్ళు వేసి చాలా నెమ్మదిగా నొక్కండి. మొదట కొంత ఖాళీగా వస్తుంది, ఏమీ జరగదు. తర్వాత వేళ్ళకి కాస్త అడ్డు తగులుతుంది. బ్రేకు ప్యాడ్లు చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళేన్ని, అంటే డిస్కును, తాకిన చోటు అదే. దాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. నడుస్తున్న బండి మీద ఆ చోట కొంచెం ఆగాలి. "ఒకటీ" అని సాగదీసి అనేంత సేపు చాలు. ఆ కాస్త సేపట్లో ప్యాడ్లు డిస్కు మీది నీటిని తుడిచేస్తాయి, ముందు షాకులు కిందికి దిగుతాయి, బరువు ముందు టైరు మీదికి వస్తుంది, టైరు రోడ్డుకి వెడల్పుగా అదుముకుంటుంది. ఇదంతా అయ్యాక తడిబట్ట పిండినట్టు ఒత్తిడి పెంచుకుంటూ పొండి, బండి మోస్తుంది. అది కాకముందే ఒక్కసారిగా గుంజితే, బరువు రాని టైరు మీద బలమంతా పడుతుంది. చక్రం లాకవుతుంది. ముందు చక్రం లాకైతే హ్యాండిల్ చేతిలో ఒక్కసారిగా తేలికైపోతుంది. ఆ తేలికదనం తెలిసిన మరుక్షణం లివరు వదిలి, మళ్ళీ మొదటి నుంచి పిండాలి. భయపడి బిగపట్టారంటే పడిపోవడమే.

నేను చూపుడువేలు, మధ్యవేలు రెండే వాడతాను. నాలుగు వేళ్ళతో పట్టేవాళ్ళు కంగారులో గుంజడం ఎక్కువగా చూశాను. ముందు డిస్కుకు బదులు డ్రమ్ము బ్రేకున్న బండికి మాత్రం నాలుగూ కావాలి.

ఇంకొకరు చెప్పింది: "లివరు పట్టినా మొదట ఏమీ కాలేదు, తర్వాత ఉన్నట్టుండి పట్టేసింది." డిస్కు బాగా తడిసిందన్నమాట. దీనికి నా అలవాటొకటి చెప్తాను. కుండపోతలో వెళ్తున్నప్పుడు రెండు మూడు నిమిషాలకోసారి, వెనక ఎవరూ దగ్గర్లో లేరని అద్దంలో చూసుకుని, ప్యాడ్లు తాకేంత మాత్రమే లివరు పట్టి కొద్ది దూరం నడుపుతాను. డిస్కు తుడుచుకుంటుంది. నిలిచిన నీళ్ళలోంచి బయటికొచ్చిన వెంటనే కూడా ఇలాగే చేస్తాను. డ్రమ్ములోకి నీళ్ళు పోతే ఆరడానికి ఇంకాస్త ఎక్కువ దూరం పడుతుంది.

వెనక బ్రేకు వాడొద్దని దీని అర్థం కాదు. తడిలో దానికి పొడి రోడ్డు మీదకన్నా కొంచెం ఎక్కువ పనే ఉంటుంది. ముందుదానితో పాటే తేలిగ్గా తొక్కండి. చక్రం జారుతున్నట్టు అనిపిస్తే, బండి ఇంకా నిటారుగా నేరుగా పోతున్నప్పుడే వదలండి. అడ్డంగా తిరిగిపోయాక ఠక్కున వదిలితే చక్రానికి ఒక్కసారిగా పట్టు దొరికి, బండి మిమ్మల్ని అవతలి వైపుకు విసిరేస్తుంది.

గేరు తగ్గించి క్లచ్ టక్కున వదిలినా వెనక చక్రం ఇలాగే లాకవుతుంది. ఒక్కో గేరే తగ్గించండి, క్లచ్ నిదానంగా వదలండి. ఏబీఎస్, అంటే చక్రం లాకవకుండా చూసే ఏర్పాటు, ఉన్న బండి అయితే గట్టిగా పట్టినప్పుడు లివరు చేతిలో టకటకా కొట్టుకుంటుంది. అది పని చేస్తోందని అర్థం, వదలకండి, పట్టే ఉంచండి. ఏబీఎస్ ఉంది కదా అని మలుపులో వాలిన బండి మీద బ్రేకు గట్టిగా పట్టొద్దు. చాలా బండ్లలోని ఏబీఎస్ నేరుగా పోతున్నప్పటి సంగతే చూసుకుంటుంది.

తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, వంతెనల మీది ఇనుప పట్టీలు, రైలు పట్టాలు, తడి ఆకులు: వీటి మీద బండి నిటారుగా ఉండాలి, బ్రేకులు వదిలి ఉండాలి, యాక్సిలరేటర్ కదలకూడదు. పట్టాలను వీలైనంత అడ్డంగా దాటండి. చాలా రోజుల తర్వాత పడే వాన మొదటి పావుగంటలో రోడ్డు మీద దుమ్మూ నూనే కలిసి జారుడుగా తేలుతాయి. నేనైతే ఆ పావుగంట ఎక్కడో చోట ఆగిపోతాను.

టైర్లలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందనేది ఇంకొక తప్పుడు సలహా. గాలి తగ్గితే టైరు గాడులు మూసుకుపోయి నీళ్ళు బయటికి పోవు. కంపెనీ చెప్పినంతే ఉంచండి. గాడుల్లో ఉండే అరుగుదల గుర్తు పైకి తేలితే ఈ సాధన మొదలుపెట్టకండి, ముందు టైరు మార్చండి. రెయిన్‌కోటు, లైటు, హెల్మెట్ గురించి మీకు తెలిసిందే, రాయను.

ఇక సాధన. ఇది కష్టంగానే పెట్టాను. బండ్లూ మనుషులూ తిరగని, తారు వేసిన, తడిసిన చోటు చూసుకోండి. మట్టి నేల పనికిరాదు. వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు, హ్యాండిల్ తిన్నగా ఉండాలి. ఒక గీత గీసుకుని, ముందు చక్రం గీత దాటగానే బ్రేకు మొదలుపెట్టండి. 20 వేగంలో వెనక బ్రేకు ఒక్కదానితో పది సార్లు, ముందుది ఒక్కదానితో పది సార్లు, రెండిటితో పది సార్లు ఆపండి. ప్రతిసారీ దిగి, గీత నుంచి ముందు చక్రం దాకా అడుగులు లెక్కపెట్టి కాగితం మీద రాయండి. గుర్తుంటుందిలే అనుకోకండి, రాయండి. ముందు బ్రేకుతో పది సార్లలో ఎనిమిది సార్లు వెనక బ్రేకు కంటే తక్కువ అడుగుల్లో ఆగితేనే 30కి వెళ్ళండి, అక్కడా అంతే అయితేనే 40కి. మూడు వేగాలకీ కలిపి తొంభై సార్లు. ఒక్కరోజులో వద్దు, చెయ్యి అలిసిపోయి గుంజడం మొదలవుతుంది. మూడు వాన రోజులకు పంచుకోండి.

రోజూ మొదలుపెట్టే ముందు స్టాండు మీద బండి ఉంచి, కళ్ళు మూసుకుని, ప్యాడ్లు తాకే చోటును వేళ్ళతో ఇరవై సార్లు వెతకండి. మలుపుల పాఠం మొదలయ్యేది ఆ చోటు నుంచే.