పిట్ట పేరు ఇంగ్లిషు మాటలు – 4వ పాఠం: క్రేన్

పోయిన పాఠంలో క్రికెట్ 'డక్' చూశాం. సున్నా బాతుగుడ్డులా ఉంటుందని 'డక్స్ ఎగ్' అన్నారు, వాడగా వాడగా డక్ ఒక్కటే మిగిలింది. ఈసారి క్రేన్.

హన్మకొండలో గ్రూప్స్‌కు చదువుకునే ఒక అమ్మాయి మొన్న ఒక ప్యాసేజ్ తెచ్చి చూపించింది. అందులో 'ది క్రౌడ్ క్రేన్డ్ దెయిర్ నెక్స్' అని ఉంది. "సార్, జనం మెడలకు క్రేన్ ఎందుకు?" అని అడిగింది. ఆమె తప్పేం లేదు. మనకు తెలిసిన క్రేన్, నిమజ్జనం రోజు చెరువు గట్టున వినాయకుణ్ణి ఎత్తి నీళ్లలోకి దింపేదే.

అసలు క్రేన్ ఒక పిట్ట. నిఘంటువు తెరిస్తే 'కొంగ' అని ఉంటుంది, అక్కడే మనం పొరబడతాం. దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టర్ వెనకాల పురుగులు ఏరుకు తినే తెల్ల కొంగ క్రేన్ కాదు, ఈగ్రెట్. అది ఎగిరేటప్పుడు గమనించండి, మెడను ముడిచి భుజాల్లోకి లాక్కుంటుంది. క్రేన్ మాత్రం మెడను ముందుకు సాచే ఎగురుతుంది. మన సారస పక్షి ఆ జాతిదే.

సాచిన ఆ మెడను మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక. బరువులెత్తే యంత్రానికీ పొడవాటి మెడ ఉంది కాబట్టి ఆ పేరే వచ్చింది. ఇంగ్లిషు వాళ్లకే కాదు, గ్రీకులో 'గెరనోస్', ఫ్రెంచిలో 'గ్రూ' అన్నా పిట్టా అదే, యంత్రమూ అదే.

ఇక క్రియ. మేడారంలో చిలుకలగుట్ట నుంచి సమ్మక్క తల్లిని తీసుకొస్తుంటే వెనక వరసల వాళ్లు ఏం చేస్తారు? మునివేళ్ల మీద లేచి, ముందున్న వాళ్ల తలల మీదుగా నిక్కి నిక్కి చూస్తారు. క్రేన్ అంటే అదే. 'దే క్రేన్డ్ దెయిర్ నెక్స్ టు సీ ది గాడెస్.' ఫోన్ మీదికి మెడ వంచితే అది క్రేన్ కాదు. కనిపించని దాన్ని చూడాలన్న ఆరాటం ఉండాలి. చెయ్యి సాచడానికీ ఈ మాట వాడకండి. పలికేటప్పుడు 'క్రేన్డ్' అనాలి, 'క్రేనెడ్' కాదు.

ఇంకో మాట, నాకు చాలా ఇష్టమైనది. కుక్కపిల్లను కొనేటప్పుడు పెడిగ్రీ, అంటే వంశావళి, ఉందా అని అడుగుతాం కదా. అది పాత ఫ్రెంచిలో 'పియే ద గ్రూ', అంటే క్రేన్ పాదం. వంశవృక్షంలో తండ్రి పేరు కింద పిల్లల పేర్లకు చీలే గీతలు ఆ పిట్ట కాలివేళ్లలా కనిపించాయి. మీ తాత పేరు రాసి, కింద ముగ్గురు పిల్లలకు మూడు గీతలు గీయండి, పాదం కనిపిస్తుంది.

ఇంటిపని: కాజీపేట ప్లాట్‌ఫామ్ మీద రైలు కోసం ఎదురు చూస్తున్నారనుకోండి. క్రేన్‌ను ఒకసారి క్రియగా, ఒకసారి యంత్రంగా వాడి రెండు వాక్యాలు రాయండి. వచ్చే పాఠం హాక్, అంటే డేగ. తోపుడు బండి మీద అమ్మే హాకర్‌కు ఆ డేగతో చుట్టరికం లేదు. మరి ఆ మాట ఎక్కడిదో ఈలోపు వెతికి పెట్టండి.