ఇల్లు ఎంత సర్దినా మళ్లీ నిండుతోందా? ముందు దివాన్ మూత ఎత్తి చూడండి

హనుమకొండ, వరంగల్, కాజీపేటలో చుట్టాల ఇళ్లు, తెలిసినవాళ్ల ఇళ్లు సర్దిపెట్టడం చాలా ఏండ్లుగా చేస్తున్నాను. ఎక్కడికి వెళ్లినా వరుస ఒక్కటే. ఇల్లు ఇరుకైందనగానే ఇంకో బీరువా కొంటారు, లేదంటే మూతలున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు తెస్తారు. లోపల ఏముందో మాత్రం ఎవరూ చూడరు. ఒక్క రూపాయి ఖర్చు పెట్టే ముందు సజ్జ మీదివి దించండి, దివాన్ మూత ఎత్తండి, మంచం కిందివి బయటికి లాగండి. అన్నీ ఒకేసారి హాల్లోకి రావాలి. సగం సామాను కంటికి కనిపించకుండా ఉంటే ఏ సర్దుడూ నిలవదు.

బూజు దులపడం, అల్మారాలు తుడవడం మీకు వచ్చిన పనే కాబట్టి వాటి జోలికి పోను.

సమస్య: ఆదివారమంతా సర్దాం, వారం తిరిగేసరికి మళ్లీ అంతే

తీసేసిన సామాను గడప దాటలేదు, అంతే. తలుపు వెనక, మెట్ల కింద, బాల్కనీ మూలన చూడండి. "ఎవరికైనా ఇద్దాం" అని కట్టిన మూటలు అక్కడే ఉంటాయి. కొన్నాళ్లకు ఏదో వెతుకుతూ వాటిని విప్పుతారు, సగం మళ్లీ అల్మారాలోకి పోతాయి. ఎవరికి ఇస్తారో, ఏ రోజు ఇస్తారో తేలాకే మూట కట్టండి. పాత పేపర్లు, అట్టపెట్టెలు, ఇనుము అయితే మైకులో అరుచుకుంటూ పాత సామాన్ల బండి వచ్చిన రోజే వేసేయండి. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే వాళ్లకు ఇస్తే మాత్రం ఒక మూట పోయి ఒక బేసిన్ లోపలికొస్తుంది. ఆ బేసిన్ మీకు నిజంగా కావాలా అని ముందే అనుకోండి.

సమస్య: మేం బట్టలే కొనం, అయినా బీరువా తలుపు పడట్లేదు

అసలు చిక్కంతా ఇక్కడుంది. ఇల్లు కొనుగోళ్లతో నిండుతుందని అందరూ అనుకుంటారు. "షాపింగ్ తగ్గించండి" అంటే ఆ ఇంటావిడ నా వైపు విచిత్రంగా చూస్తుంది, ఎందుకంటే ఆమె నిజంగానే ఏమీ కొనలేదు. ఆ ఇంటికి వచ్చినవన్నీ పెట్టినవి. పెండ్లికి పెట్టిన చీర, గృహప్రవేశానికి పెట్టిన ప్యాంటు షర్టు గుడ్డ, పుట్టువెంట్రుకలకు ఇచ్చిన స్టీలు డబ్బా, దశదినకర్మకు వెళ్తే ఇచ్చిన టవల్, తాంబూలంలో వచ్చిన జాకెట్ ముక్కలు. వీటిని ఎవరూ ఎంచుకోలేదు. అందుకే ఎవరూ కట్టుకోరు, పారేయడానికీ ఎవరికీ చెయ్యి రాదు.

దివాన్ అడుగున ఒక కవర్ విప్పి చూడండి. షాపు మడత విప్పని పెట్టుబడి చీర, మధ్యలో ఎండిపోయిన రెండు వక్కలు, మూలన పసుపు బొట్టు, గుండుసూది ఉన్నచోట తుప్పు మచ్చ. జరీ ఉంటే మడత దగ్గర నల్లబడి ఉంటుంది. "ఎవరికైనా పెట్టొచ్చు" అని దాచిన చీరే అది. బొట్టు పడ్డ చీరను ఇంకొకరికి పెట్టలేరు, ఎవరు పెట్టారో గుర్తులేక తిరిగి వాళ్లకే పోతుందేమోనన్న భయం వేరే. ఆ భయంతోనే దివాన్ మూత పడుతుంది, మరుసటి ముహూర్తానికి కొత్త చీరలు కొంటారు.

ఇంకో కారణం కూడా ఉంది. పాతకాలంలో నూలు చీర చినిగితే బొంత అయ్యేది, పసిపిల్లకు ఉయ్యాల అయ్యేది, చివరికి మసిగుడ్డ అయ్యేది. ఇప్పుడు పెట్టే సింథటిక్ చీర నీళ్లు పీల్చదు, బొంతకు పనికిరాదు. ఇంట్లోకి వచ్చే దారే తప్ప పోయే దారి లేదు.

ఇక పరిష్కారం. అత్తమ్మను, అమ్మను పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లు ఊరికెళ్లినప్పుడు చాటుగా తీసేయడం చాలా ఇళ్లలో గొడవై, రెట్టింపు సామానుగా తిరిగొచ్చింది. హాల్లో జంపఖానా పరిచి, అన్నీ పోసి, ఒక్కొక్కటి చేతికిచ్చి "ఇది ఎవరు పెట్టిన్రు?" అని అడగండి. పెద్దవాళ్లకు గుర్తుంటుంది. కాగితం ముక్క మీద పేరు రాసి కవర్‌లో వేయండి. ఆడబిడ్డ ఒడిబియ్యం చీర, అమ్మగారింటి చీర, పోయినవాళ్ల గుర్తుగా దాచుకున్న బట్ట పక్కన పెట్టండి, వాటి మీద వాదన వద్దు.

మిగిలినవాటిలో నచ్చినదానికి ఆ పదిహేను రోజుల్లోనే ఫాల్ వేయించి, జాకెట్ కుట్టించి కట్టుకోవాలి. బొట్టు లేని కొత్తవి రెండు కవర్లుగా విడదీయండి: పుట్టింటివైపు వచ్చినవి అత్తింటివైపు పెట్టడానికి, అటువి ఇటు. ఈ ఒక్క పనితో తిరిగి వాళ్లకే పోతుందన్న టెన్షన్ పోతుంది. బొట్టు పడ్డవి, మీరు కట్టనివి, కట్టుకునేవాళ్లకు "కట్టుకోండి" అని చెప్పి నేరుగా ఇవ్వండి. పెట్టుబడి సామానుకు ఒక్క సూట్‌కేస్ హద్దు. అది నిండితే కొనడం ఆపి, అందులోంచే పెట్టండి.

రావడం ఆగకపోతే ఇదంతా ఏడాదిలో వృథా అవుతుంది. ఎదుటివాళ్ల ఫంక్షన్‌లో బొట్టు పెట్టే వేళ వద్దనకండి, అది మనసు కష్టపెడుతుంది. మీ ఇంటి శుభకార్యంతో మొదలుపెట్టండి. అన్నదమ్ములు, ఆడబిడ్డలు ముందే కూర్చుని "మన మధ్య బట్టలు వద్దు, కట్నం చదివిస్తే చాలు" అని మాట అనుకుంటే ఆ ఒక్క మాటే దివాన్‌ను ఖాళీగా ఉంచుతుంది. అందరూ దసరా ముందు దులుపుతారు, కానీ నిండేది శ్రావణం, మాఘం ముహూర్తాల్లో. మీరు ఆ ముహూర్తాలు అయిపోగానే ఒకసారి చూడండి.

కాజీపేటలో ఒక ఇంట్లో పదో తరగతి పిల్ల మంచం మీద వంగి చదువుకునేది. బల్ల మీదంతా తెరవని స్టీలు సామాను అట్టపెట్టెలు. అవి పోయిన సాయంత్రమే ఆ పిల్ల బల్లను కిటికీ కిందికి జరుపుకుని, లైటు పెట్టించుకుంది. బట్టల లెక్క కోసం కాదు, నేను ఈ పని చేసేది ఇలాంటిదాని కోసమే.

సమస్య: ఒక గది మొత్తం పరుపులకే పోయింది

"జాతరకు చుట్టాలొస్తారు" అంటారు. మేడారం జాతర రెండేండ్లకోసారి. ఆ నాలుగు రోజులకు టెంట్ హౌస్‌లో పరుపులు, దుప్పట్లు అద్దెకు దొరుకుతాయి. ఇంట్లో ఉండాలనుకుంటే కొత్తవాడ నేత జంపఖానాలు మంచివి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మడిస్తే ఒక అరలో సర్దుకుంటాయి, ఉతికి ఆరేయొచ్చు. పదేండ్లుగా సజ్జ మీద చుట్టిపెట్టిన దూది పరుపును మాత్రం వదిలేయండి.

సమస్య: అవసరమైన కాగితం సమయానికి దొరకదు

బిల్లులు, శుభలేఖలు, అసలు పత్రాలు ఒకే సంచిలో ఉంటాయి. రిజిస్ట్రేషన్ దస్తావేజులు, పట్టాదారు పాస్‌బుక్, పదో తరగతి మెమో, కులం సర్టిఫికెట్ ఒక జిప్ కవర్‌లో వేసి పై అరలో పెట్టండి. 2023 జులై వానలకు మన దగ్గర కాలనీలే మునిగాయి, కింది అరలు సురక్షితం కాదు. మిగతా కాగితాలను ఒక్క పూటలో తేల్చేయొచ్చు.

అరుదైనవి

చెదలు పట్టి సామాను గదులు మారుతుంటే ముందు చెదల మందు కొట్టించండి. ఖాళీ పాల ప్యాకెట్ తీసినా ఇంట్లో ఒకరు వణికిపోతుంటే అది సర్దుడుతో తేలేది కాదు, మానసిక వైద్యుడికి చూపించండి. ఇల్లు నిజంగానే చిన్నదై ఇరుకైన సందర్భాలు తక్కువ. దివాన్ ఖాళీ చేశాక కూడా ఇరుకే అనిపిస్తే అప్పుడు బీరువా సంగతి ఆలోచించండి.