కొలెస్ట్రాల్ తగ్గాలన్నా, విటమిన్ డి పెరగాలన్నా ఇంట్లో ఏం చేయాలి?

మా ఇంటికి రెండు రిపోర్టులు ఒకే రోజు వచ్చాయి. మా ఆయనకి ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 158, నాకు విటమిన్ డి 11. ఇది తొమ్మిదేళ్ల కిందటి మాట. ఆ తర్వాత మా అత్తగారికి, మా తమ్ముడికి, మా అపార్ట్‌మెంట్‌లో ఇంకో అయిదారు కుటుంబాలకి దగ్గరుండి ఇవే పనులు చేయించాను. అందరూ ఒకే రకం తప్పులు చేస్తారు. ఓట్స్ ప్యాకెట్ కొంటారు గానీ పోపులో నూనె తగ్గించరు. పొద్దున ఆరింటికి నిండుగా బట్టలు కప్పుకుని నడిచొచ్చి, ఎండ తగిలిందనుకుంటారు. మూడు నెలల తర్వాత అంకెలు కదల్లేదని దిగాలు పడతారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఇది చేయగలిగిన పనే.

ముందే ఒక మాట చెప్పాలి. చర్మంలో ఉండే ఒక రకం కొలెస్ట్రాల్ పదార్థం నుంచే ఎండ తగిలినప్పుడు విటమిన్ డి తయారవుతుంది. అది విని చాలామంది ఎండలో కూర్చుంటే రక్తంలో కొలెస్ట్రాల్ కరిగిపోతుందని నమ్ముతున్నారు. అలా జరగదు. కొలెస్ట్రాల్ సంగతి వంటింట్లో తేలాలి, విటమిన్ డి సంగతి మేడ మీద తేలాలి. రెండూ విడివిడిగా చేయాల్సినవే.

ఇంకో మాట. ఎల్‌డీఎల్ 190 దాటినవాళ్లు, గుండెకి స్టెంట్ వేయించుకున్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఇక్కడ చెప్పినవి మందులతో పాటు చేయాలి, మందుల బదులు కాదు. డాక్టర్ రాసిన స్టాటిన్ మాత్రని, అంటే కొలెస్ట్రాల్ తగ్గించే మందుని, సొంతంగా ఆపకండి.

పరీక్షలు

లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష), 25-హైడ్రాక్సీ విటమిన్ డి (విటమిన్ డి పరీక్ష), వాటితో పాటు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చేయించండి. థైరాయిడ్ మందకొడిగా ఉంటే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. అలాంటప్పుడు ఎంత పత్యం చేసినా అది సరిగ్గా దిగిరాదు. రాత్రి భోజనం త్వరగా ముగించి, పది పన్నెండు గంటలు ఏమీ తినకుండా పరగడుపున రక్తం ఇవ్వండి. జ్వరం వచ్చి తగ్గిన వెంటనే మాత్రం వద్దు, అంకెలు సరిగ్గా రావు. మామూలు మనిషికి ఎల్‌డీఎల్ 100 లోపు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 150 లోపు ఉంటే మంచిది. విటమిన్ డి 20 కంటే తక్కువైతే లోపం కింద లెక్క, 30 దాటితే చాలు.

నూనె సీసాలు

నూనె మార్చడం కంటే ముందు కొలవడం మొదలుపెట్టండి. మనిషికి నెలకి అర లీటరు, అంటే రోజుకి మూడు చెంచాలు. మా ఇంట్లో నలుగురం. అర లీటరు గాజు సీసాలు నాలుగు పెట్టుకుంటాను. ఒక్కో సీసా వారం పైన రావాలి. ఆదివారం పూరీలు వేయించారా, గురువారానికి సీసా అడుగు కనిపిస్తుంది. ఇక మిగతా రోజులు ఆవిరి మీద ఉడికినవి, పప్పుచారు, పచ్చి పులుసు. చెంచా లెక్క ఎవరికీ గుర్తుండదు. సీసా అయితే కళ్ల ముందే ఉంటుంది.

డబ్బా మీద "కొలెస్ట్రాల్ లేదు" అని రాసి ఉందని ఎక్కువ డబ్బు పెట్టకండి. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. చూడాల్సింది ఎల్‌డీఎల్‌ని పెంచే సంతృప్త కొవ్వు ఎంతుందో. కొబ్బరి నూనెలో అది 90 శాతం దాకా ఉంటుంది, పామాయిల్‌లో దాదాపు సగం. వేరుశనగ, నువ్వుల నూనెల్లో అయిదో వంతో, ఇంకా తక్కువో. కొబ్బరి నూనె కప్పులతో తాగితే మంచిదని ఎవరైనా చెబితే ఈ లెక్క చూపించండి. మేం ఒక నెల వేరుశనగ నూనె, ఒక నెల తవుడు నూనె వాడతాం. మీరూ అలా మార్చి వాడొచ్చు. వనస్పతి ఇంట్లోకి రానివ్వకండి. 2022 జనవరి నుంచి నూనెల్లో, వనస్పతిలో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదని నిబంధన వచ్చిన మాట నిజమే. కానీ సాయంత్రం బజ్జీల బండి మూకుడులో మరిగి మరిగి నల్లబడిన నూనెని ఎవరూ కొలవరు.

నెయ్యి పూర్తిగా మానేయమని నేను చెప్పను. పప్పన్నం మొదటి ముద్దలోకి ఒక్క చెంచా. పెరుగన్నంలోకి, దోశ మీదకి వద్దు.

కంచం

మన తెలుగువాళ్ల రిపోర్టుల్లో ఎల్‌డీఎల్ అంతంత మాత్రమే ఉన్నా ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) తక్కువగా కనిపించడం మామూలు. దానికి కారణం కొవ్వు కంటే అన్నమే. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం, మధ్యలో రెండు చెంచాల చక్కెర వేసిన టీలు. మగవాళ్లకి తాగుడు అలవాటుంటే ట్రైగ్లిజరైడ్లు పెంచడంలో అది ఇంకా ముందుంటుంది. అన్నం ఒక కప్పు, కూర రెండు కప్పులు పెట్టుకోండి. కూరలో అన్నం కలుపుకోవాలి గానీ, అన్నంలో కూర నంజుకోకూడదు.

కూరల్లో నా ఓటు గోరుచిక్కుడికి. ఆ మొక్క గింజల నుంచే గ్వార్ గమ్ తీస్తారు. అది నీళ్లలో కరిగి జిగురయ్యే పీచు. బెండకాయ, బార్లీ, ఓట్స్, మెంతులు, బొబ్బర్లు, శనగలు, ఉలవలు, వీటన్నిట్లోనూ ఈ రకం పీచు ఉంది. కాలేయం కొలెస్ట్రాల్‌తోనే పైత్యరసం తయారు చేస్తుంది. ఈ జిగురు పీచు పేగుల్లో ఆ రసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. మళ్లీ తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలో ఉన్న ఎల్‌డీఎల్‌ని లాక్కుంటుంది. ఖరీదైన ఓట్స్ తినలేకపోతే ఉలవచారు కాచిన తర్వాత ఆ ఉలవల్ని పారేయకుండా గుగ్గిళ్లు చేసుకోండి. ఇవి కుదరని రోజు రెండు పెద్ద చెంచాల ఇసబ్గోల్, రెండు విడతలుగా, నిండు గ్లాసు నీళ్లతో. మాత్రలకీ దానికీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. పరగడుపున వెల్లుల్లి, తేనె, నిమ్మరసం తాగేవాళ్లని నేను ఆపను, కానీ దాని మీద ఆధారపడకండి.

గుడ్డు సొన పారేయడం ఆపండి. గుడ్డులో ఉండే విటమిన్ డి ఉన్నదే ఆ సొనలో. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లు రోజుకొకటి తినొచ్చు. షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి తినాలి.

నడక గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. వారానికి అయిదు రోజులు, అరగంట చొప్పున. పక్కనున్నవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం. సిగరెట్ తాగేవాళ్లు అది మానకుండా మిగతావన్నీ చేసినా హెచ్‌డీఎల్ సరిగ్గా పెరగదు.

ఎండ

అందరూ పాడు చేసేది ఈ పనినే, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను.

తిండితో విటమిన్ డి సరిపడదని ముందు ఒప్పుకోండి. పెద్దవాళ్లకి రోజుకి 600 ఐయూ (విటమిన్లని కొలిచే యూనిట్) కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క. ఒక గుడ్డు సొనలో ఉండేది సుమారు 40. అంటే పదిహేను గుడ్లు. కవళ్లు, కానాగంతలు లాంటి నూనె చేపలు మెరుగు. పాల ప్యాకెట్ మీద ప్లస్ పక్కన ఎఫ్ గుర్తు ఉంటే అందులో ఎ, డి విటమిన్లు కలిపారని అర్థం, అవి కొనండి. పుట్టగొడుగుల్ని ముక్కలు కోసి మధ్యాహ్నం ఎండలో గంట పెడితే వాటిలో కూడా డి పెరుగుతుంది. ఇవన్నీ తోడు మాత్రమే. అసలు పని ఎండదే.

అయితే ఏ ఎండ? "లేత ఎండ మంచిది" అని మన ఇళ్లలో తరతరాలుగా చెబుతారు. ఒంటికి హాయిగా ఉంటుంది, అంతవరకే. విటమిన్ డి చేయించే అతినీలలోహిత కిరణాల్ని యూవీబీ అంటారు. పొద్దున ఏడింటికి సూర్యుడు వాలుగా ఉంటాడు, ఆ కిరణాలు గాలి పొరల్లోనే ఆగిపోతాయి. తిరుపతిలో దీని మీద పరిశోధన చేసినవాళ్లు కూడా 11 నుంచి 2 గంటల మధ్య ఎండే బాగా పనికొస్తుందని తేల్చారు.

గడియారం కంటే మీ నీడని నమ్మండి. మేడ మీద నిటారుగా నిలబడండి. నీడ చివర, తల నీడ పడిన చోట ఒక సుద్దగీత పెట్టండి. మీ కాళ్ల దగ్గర్నుంచి ఆ గీత దాకా దూరం మీ ఎత్తు కంటే తక్కువ ఉందా? ఉంటే కూర్చోండి. నీడ మీకంటే పొడవుగా ఉంటే కిందికి వచ్చేయండి, ఇంకా వేళ కాలేదు. మేలో హైదరాబాద్‌లో తొమ్మిదింబావుకే నీడ మనకంటే పొట్టిదవుతుంది. డిసెంబరులో అయితే 11 నుంచి ఒకటిన్నర మధ్యే. అందుకే ఎండాకాలంలో 11 దాకా ఆగొద్దు, తొమ్మిదిన్నరకి కూర్చుని పదిలోపు లేచిపోండి. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం మేడ ఎక్కినవాళ్లని నేను చూశాను. వడదెబ్బ తగిలితే విటమిన్ సంగతి తర్వాత, ప్రాణం మీదకొస్తుంది.

రెండోది బట్టలు. మొహం, అరచేతులు మాత్రమే కనిపించేలా కూర్చుంటే లాభం లేదు. భుజాల దాకా చేతులు, మోకాళ్ల దాకా కాళ్లు ఎండకి తగలాలి. మొహానికి, తలకి తువ్వాలు కప్పుకోండి, అక్కడ అవసరం లేదు. ఆడవాళ్లకి ఇక్కడే ఇబ్బంది, నాకూ అదే. మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక రెండు పాత చీరలు అడ్డం కట్టి చోటు చేసుకున్నాం. పదకొండింటికి ముగ్గురం వెళ్లి పప్పు ఏరుకుంటూ కూర్చుంటాం. సన్‌స్క్రీన్ రాసుకోవద్దు. అద్దాల కిటికీ వెనక కూర్చోవద్దు. అద్దం వేడిని లోపలికి రానిస్తుంది గానీ యూవీబీని రానివ్వదు. మా తమ్ముడు ఏడాది పాటు బాల్కనీలో అద్దం తలుపు వెనకే పేపరు చదివాడు. డి 14 దగ్గరే ఉండిపోయింది.

ఎంతసేపు? మన ఛాయకి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు, వారానికి నాలుగు రోజులు. మొదటి వారం పది నిమిషాలతో మొదలుపెట్టండి. తెల్లవాళ్లలా మన చర్మం ఎర్రబడి హెచ్చరించదు. చురుక్కుమనగానే లేవండి, సగం సమయమే అయినా సరే. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చుని వారం లెక్క తీర్చేద్దామంటే కుదరదు. కొంతసేపయ్యాక చర్మం అదనంగా తయారు చేయదు, కమలడమే మిగులుతుంది. లూపస్ లాంటి జబ్బులున్నవాళ్లు, డాక్సీసైక్లిన్ (ఒక యాంటీబయాటిక్) వంటి మందులు వాడుతున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఎండలో కూర్చోకూడదు. బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లని ఒంటరిగా పంపకండి, కళ్లు తిరుగుతాయి.

న్యూజెర్సీలోనో లండన్‌లోనో ఉన్న మీ పిల్లలకి ఈ నీడ లెక్క చెప్పి చూడండి. అక్కడ చలికాలమంతా మిట్టమధ్యాహ్నం కూడా నీడ మనిషికంటే పొడవే. వాళ్లకి ఆ నెలల్లో మాత్రే గతి. బ్రిటన్ ప్రభుత్వమే చలికాలంలో రోజుకి 400 ఐయూ వేసుకోమంటుంది.

సాచెట్

డి బాగా తగ్గినవాళ్లకి ఎండ ఒక్కటే చాలదు. డాక్టర్ సాధారణంగా 60,000 ఐయూ సాచెట్ (విటమిన్ డి పొడి పొట్లం) వారానికొకటి, ఎనిమిది వారాలు రాస్తారు. వారానికొకటి. ఈ మాట ఇంట్లో అందరి చెవినా వేయండి. మా బంధువుల్లో ఒకావిడ రోజుకొకటి చొప్పున రెండు పెట్టెలు తాగేసింది. ఆకలి చచ్చిపోయింది, వాంతులు, ఆగని దాహం, మలబద్ధకం. రక్తంలో కాల్షియం పెరిగిపోయి వారం రోజులు ఆసుపత్రిలో ఉంది. అదనంగా వచ్చిన డి మూత్రంలో పోదు, కొవ్వులో నిలవ ఉండిపోతుంది.

గోడ క్యాలెండర్‌లో ఎనిమిది ఆదివారాలకి గుండ్రం చుట్టండి. తాగిన రోజు దాని మీద టిక్ పెట్టండి. మధ్యాహ్నం భోజనం అయ్యాక పాలల్లో కలిపి తాగండి, కొవ్వుతో కలిస్తే ఒంటికి బాగా పడుతుంది. ఖాళీ కడుపున నీళ్లతో వద్దు. చాలా కాల్షియం మాత్రల్లో కూడా డి3, అంటే విటమిన్ డి, ఉంటుంది, పెట్టె తిప్పి చదివి డాక్టర్‌కి చూపించండి. కిడ్నీలో రాళ్లు వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పండి. మందుల షాపులో అడిగి ఇంజెక్షన్ చేయించుకోవద్దు.

మళ్లీ పరీక్ష

పన్నెండు వారాలకి, అదే ల్యాబ్‌లో, అదే విధంగా పరగడుపున. అంతకు ముందే పరుగెత్తకండి, డి అంకె నెమ్మదిగా కదులుతుంది. మా ఆయన 158 నుంచి 131కి వచ్చారు, నేను 11 నుంచి 34కి. ఆయనకి ఇంకా తగ్గాలని డాక్టర్ చిన్న మోతాదు స్టాటిన్ రాశారు, వేసుకుంటున్నారు. నూనె సీసాల లెక్క మాత్రం మానలేదు. డి 30 దాటాక సాచెట్ ఆపాలా, నెలకొకటి చేయాలా అన్నది డాక్టర్‌ని అడిగి, ఆ జవాబుని రిపోర్టు మీదే పెన్నుతో రాసి ఫైల్లో పెట్టండి.