సబ్‌గ్రూప్‌కి అడ్డదారి ఉందా? కాగితం మీదే తేల్చుకోండి

ట్యాంక్ బండ్ మీద నిలబడి నెక్లెస్ రోడ్ వైపు చూడండి. మనం ఒడ్డు వెంట నడిచి వెళ్లాలంటే హుస్సేన్ సాగర్ సగం చుట్టాలి, కొంగ మాత్రం నీళ్ల మీదుగా తిన్నగా పోతుంది. అనంత గ్రూప్‌లో (గ్రూప్ అంటే మూలకాలను ఒకదాని వెనక ఒకటి పెట్టి కలపగల, ప్రతిదాన్నీ వెనక్కి తిప్పగల సమితి) సబ్‌గ్రూప్, అంటే దాని లోపలి చిన్న గ్రూప్, సంగతీ అంతే: లోపలే తిరిగితే ఎంతో దూరంలో ఉన్న మూలకం, పెద్ద గ్రూప్‌లోంచి వస్తే పక్కనే ఉండొచ్చు. ఈ తేడా ఏ స్థిర గుణకానికీ లొంగకుండా పెరిగితే డిస్టార్షన్ ఉన్నట్టు.

మొదట పరిమిత సంఖ్యలో జనరేటర్లు తీసుకోండి, అంటే తామూ తమ విలోమాలూ (తమను రద్దు చేసే మూలకాలు) కలిసి ప్రతి మూలకాన్నీ రాయగల అక్షరాలు. ఏవి తీసుకోవాలా అని టెన్షన్ వద్దు, మార్చినా దూరాలు ఒక స్థిర గుణకం మేరకే మారతాయి. మూలకాన్ని రాయడానికి కావలసిన అతి తక్కువ అక్షరాల సంఖ్యే దాని దూరం.

ఇప్పుడు పెన్ను పట్టుకోండి. 1962లో గణితవేత్తలు బామ్‌స్లాగ్, సొలిటార్ ఇచ్చిన గ్రూపుల్లో ఒకదానికి రెండే అక్షరాలు, ఎ, టి. ఎ కి ముందు టి, వెనక టి విలోమం పెడితే ఎ రెండుసార్లు వస్తుంది, నియమం ఇదొక్కటే. అటు పది టి లు, ఇటు పది విలోమాలు పెట్టి చూడండి: 21 అక్షరాల్లో ఎ 1024 సార్లు వచ్చేసింది! ఎ తో పుట్టిన సబ్‌గ్రూప్ లోపలే ఉంటే 1024 అడుగులూ వేయాల్సిందే. నేను మొదటిసారి లెక్క తప్పానేమోనని మళ్లీ చేశాను. హైసెన్‌బర్గ్ గ్రూప్‌లో (కర్ణం మీద 1లు, దాని కింద సున్నాలు ఉన్న 3×3 పూర్ణాంక మాత్రికలు) ఇంత ఘోరం లేదు, అక్కడ అన్ని మూలకాలతోనూ ఏ క్రమంలో కలిపినా ఒకే ఫలితమిచ్చే జెడ్ ని 100 సార్లు తేవడానికి 40 అక్షరాలు పడతాయి, అంటే అక్షరాల సంఖ్య వర్గం లెక్కన పెరుగుతుంది.

అడ్డదారి కనపడకపోతే లేదని రాసేయకండి, అందరూ చేసే తప్పు అదే. ఒకే మూలకంతో పుట్టిన సబ్‌గ్రూప్ అయితే, ఆ మూలకాన్ని సున్నా కాని సంఖ్యకు పంపే హోమోమార్ఫిజం (గ్రూప్‌లో కలపడాన్ని సంఖ్యల కూడికగా మార్చే ఫంక్షన్) పూర్ణాంకాల్లోకి దొరుకుతుందేమో వెతకండి. దొరికితే డిస్టార్షన్ లేదు, ఎందుకంటే ఒక్కో అక్షరం ఆ సంఖ్యను కొంత మేరకే జరపగలదు. దొరక్కపోతే అనుమానం మాత్రమే, ఎందుకంటే ఫ్రీ గ్రూప్‌లో (అక్షరాల మధ్య ఏ అదనపు నియమమూ లేని గ్రూప్) కమ్యుటేటర్, అంటే రెండు అక్షరాలు, ఆ వెంటనే వాటి విలోమాలు, సున్నాకే వెళ్తుంది కానీ డిస్టార్షన్ లేదు. ఫైనైట్ ఇండెక్స్ సబ్‌గ్రూప్ (జరిపిన నకళ్లు పరిమిత సంఖ్యలోనే పెద్ద గ్రూప్‌ని కప్పేసేది) అయితే కాగితం వేస్ట్ చేయకండి, డిస్టార్షన్ ఉండదు.

గణితవేత్త గ్రోమోవ్ 1987లో రాసిన హైపర్‌బాలిక్ గ్రూపుల్లో (దూరాలతో గీసిన త్రిభుజాలన్నీ సన్నగా ఉండేవి) అనంత సైక్లిక్ సబ్‌గ్రూప్, అంటే ఒకే మూలకంతో పుట్టిన అనంత సబ్‌గ్రూప్, ఏదీ డిస్టార్ట్ కాదు. అందుకే మీ గ్రూప్ లోపల పై ఎ, టి జంట దొరికి, ఎ తో పుట్టిన సబ్‌గ్రూప్ అనంతమైతే అది హైపర్‌బాలిక్ కాదని అక్కడికక్కడే రాసేయొచ్చు.