విశాఖ నుంచి థాయిలాండ్‌కు: చిన్నపిల్లల ఇంగ్లీషు టీచరుగా వెళ్లాలంటే ఏం చేయాలి?

థాయిలాండ్‌లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఇంగ్లీషు చెప్పాలంటే ధారాళంగా మాట్లాడగలిగితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. ఆ వయసు పిల్లలకు వ్యాకరణం అక్కర్లేదు, వివరణలు అసలే అక్కర్లేదు. చేతులు, ముఖం, గొంతు పాఠం చెప్పాలి. ఆ సాధన విమానం ఎక్కక ముందే, విశాఖలోనే మొదలుపెట్టండి.

మొదట మీ ఉచ్చారణ చూసుకోండి

పదం హల్లుతో ఆగడం తెలుగు నాలుకకు నచ్చదు. అందుకే బస్సు, కప్పు, బ్యాగు అంటాం. థాయ్ పిల్లలది దీనికి తిరగేసిన ఇబ్బంది. వాళ్ల భాషలో పదం చివర ‘స్’, ‘ల్’ నిలబడవు. ‘బస్’ కాస్తా ‘బత్’ అవుతుంది, ‘బాల్’ ‘బాన్’ అవుతుంది. మీరు చివర ఉకారం తగిలించి, వాళ్లు చివరి ధ్వని మార్చేస్తే అసలు పదం ఎవరి నోటా ఉండదు. ‘వ్యాన్’, ‘వాటర్’ విషయంలోనూ జాగ్రత్త. రెండింటికీ మనం ఒకే ‘వ’తో సరిపెట్టేస్తాం. మొదటిదానికి పై పళ్లు కింది పెదవికి తగలాలి, రెండోదానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి. ఫోనులో రికార్డు చేసుకుని వినండి. మన గొంతు మనకే ఎబ్బెట్టుగా ఉంటుంది, అయినా వినాల్సిందే.

ఇంటి దగ్గర సాధన

ఎంవీపీ కాలనీ రైతు బజారుకు వెళ్లి ఒక వంకాయ, ఒక మునక్కాయ, ఒక కొబ్బరికాయ తెచ్చుకోండి. వాటిని గుడ్డసంచిలో వేసి, అపార్ట్‌మెంటులోని నాలుగేళ్ల పిల్లలను నలుగురిని కూర్చోబెట్టండి. తెలుగు ముక్క మాట్లాడకూడదు. ఒక్కొక్కరి చేత సంచిలో చెయ్యి పెట్టించి, తడిమి చూసి ఏమిటో ఊహించమని సైగ చేయండి. కాయ బయటికి తీశాక పేరు మూడుసార్లు చెప్పండి: ఒకసారి గట్టిగా, ఒకసారి గుసగుసగా, ఒకసారి ఏడుపు గొంతుతో. పిల్లలు పకపకా నవ్వుతూ మీ వెంట అంటారు. పావుగంట నడపగలిగితే మీకు చేతనవుతుందన్నమాట. అన్నట్టు, ‘బ్రింజాల్’ మన దేశపు ఇంగ్లీషు. అక్కడి పుస్తకాల్లో వంకాయ ‘ఎగ్‌ప్లాంట్’.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ 1960లలో రూపొందించిన పద్ధతి కూడా నేర్చుకోండి. టీచరు ‘జంప్’ అంటూ తానూ దూకాలి, పిల్లలు దూకాలి. మాట ముందు ఒంటికి ఎక్కుతుంది, నోటికి తర్వాత వస్తుంది.

కాగితాలు

డిగ్రీ తప్పనిసరి. దానికి తోడు 120 గంటల ‘టెఫల్’ (ఇంగ్లీషు బోధన శిక్షణ) సర్టిఫికెట్, టోయిక్ లేదా ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షల స్కోరు చాలా స్కూళ్లు అడుగుతాయి. పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్‌కు పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయాలి. మనకు విశాఖలోనే ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం ఉంది. థాయిలాండ్‌లో విద్యా సంవత్సరం మే మధ్యలో, రెండో టర్ము నవంబరులో మొదలవుతాయి కాబట్టి రెండు మూడు నెలల ముందే ప్రయత్నాలు ఆరంభించండి.

వీసా దగ్గర మాత్రం రాజీ పడవద్దు. స్కూలు ఇచ్చే పత్రాలతో ఉద్యోగానికి వెళ్లేవాళ్లకిచ్చే నాన్-ఇమ్మిగ్రెంట్ బి వీసా, ఆపైన వర్క్ పర్మిట్ ఉండాలి. ‘ముందు టూరిస్టు వీసా మీద వెళ్లండి, తర్వాత చూసుకుందాం’ అనే ఏజెంటుకు అక్కడికక్కడే దండం పెట్టి వచ్చేయండి. ఉద్యోగాల పేరుతో కంబోడియాకు తరలించి సైబర్ మోసాలు చేయించిన ముఠాల బారిన మన విశాఖ యువకులూ పడ్డారు. 2024 మేలో కొందరిని వెనక్కి రప్పించారు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు. డబ్బు చేతిలో పెట్టాక చూస్తే లాభం లేదు.

తరగతిలో

మొదటి రోజు పాఠం పుస్తకం తెరవకండి. రోజూ ఒకే పలకరింపు పాటతో మొదలుపెట్టి, ఒకే వీడ్కోలు పాటతో ముగించండి. భాష తెలియని పిల్లలకు ‘ఇక ఇప్పుడు ఇది జరుగుతుంది’ అన్న ధైర్యం వాటితోనే వస్తుంది. మధ్యలో నాలుగైదు కొత్త పదాలకు మించి వద్దు. అయిదారు నిమిషాలకు ఒకసారి ఆట మార్చాలి. కూర్చుని చేసింది అయితే, తర్వాతది లేచి చేసేదిగా ఉండాలి.

‘బత్’ అన్న పిల్లవాణ్ని తప్పు అనకండి. పాములా బుస కొడుతూ ‘బస్స్‌స్’ అని సాగదీసి, వేలు గాలిలో పాకించండి. తరగతి మొత్తం బుస కొడుతుంది, వాడూ కొడతాడు. తలా ఒకసారి లేపి అప్పజెప్పించుకునే మన అలవాటు ఇక్కడ పనికిరాదు.

తల నిమరడం మనకు ముద్దు, అక్కడ తల తాకడం మర్యాద కాదంటారు. పాదంతో దేన్నీ చూపించకండి. ఇది మనకు కొత్త కాదు.

వారాల తరబడి నోరు విప్పని పిల్లలు ఒకరిద్దరు ఉంటారు. వాళ్లను ఒత్తిడి చేయకండి. వేలితో సరైన బొమ్మ చూపిస్తే అదే జవాబుగా లెక్కించండి. వింటున్నారంటే నేర్చుకుంటున్నట్టే. తరగతిలో సాధారణంగా థాయ్ సహాయక టీచరు ఉంటారు. ఆవిడ ప్రతి మాటనూ వెంటనే అనువదించేస్తే పిల్లలు మీ వైపు చూడడం మానేస్తారు. మొదటి వారంలోనే నెమ్మదిగా మాట్లాడి, ఏడుపు, దెబ్బలు, బాత్రూము అవసరాలకు తప్ప థాయ్ వాడవద్దని ఒప్పందం చేసుకోండి.