రాయి మునిగింది, లెక్క తేలలేదు: పీడనం, ఉత్ప్లవనం, సాంద్రతలో ఎదురయ్యే చిక్కులు - పరిష్కారాలు

ప్రయోగం చేస్తే పుస్తకంలో ఉన్న విలువ రాదు. లెక్క చేస్తే వెనక పేజీలో ఉన్న జవాబు రాదు. ద్రవంలో మునిగిన వస్తువు ఎంత ద్రవాన్ని తొలగిస్తుందో, ఆ ద్రవం బరువుకు సమానమైన బలం (ఉత్ప్లవన బలం) దాన్ని పైకి నెడుతుందన్నది ఆర్కిమెడిస్ సూత్రం. జవాబులు రాకపోవడంతో చాలామంది విద్యార్థులు ఈ సూత్రం తమ తలకెక్కదని తేల్చేసుకుంటారు. నిజానికి సూత్రం అర్థమయ్యే ఉంటుంది. తప్పు ఒక గాలి బుడగలోనో, ఒక ప్రమాణంలోనో, లోతును ఎక్కడి నుంచి కొలిచారన్న చోటో దాక్కుని ఉంటుంది. అందుకే ఇక్కడ సూత్రాల జోలికి ముందే పోకుండా, మీ కంటికి కనిపించిన లక్షణంతో మొదలుపెడదాం. మీ చిక్కు ఏదో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లవచ్చు.

రాయి సాంద్రత కొలిచిన ప్రతిసారీ మారుతోంది

విలువలు ఎటు మారుతున్నాయో ముందు గమనించండి. ఒకసారి ఎక్కువ, మరోసారి తక్కువ వస్తుంటే తప్పు కొలత చదవడంలో ఉంది. ఎప్పుడూ తక్కువే వస్తుంటే బుడగలను అనుమానించాలి.

చదవడంలో తప్పు ఎంత ఖరీదైనదో చూడండి. 100 మిల్లీలీటర్ల కొలజాడీలో గీతకూ గీతకూ మధ్య సాధారణంగా 1 మిల్లీలీటరు ఉంటుంది. 13 గ్రాముల రాయి ఘనపరిమాణం 5 ఘన సెంటీమీటర్లు అయితే దాని సాంద్రత, అంటే ఘన సెంటీమీటరుకు ఉండే గ్రాములు, 2.6. రాయి వేయకముందు ఒక అర గీత, వేశాక మరో అర గీత పొరబడ్డారనుకుందాం. 5కు బదులు 4 వస్తే సాంద్రత 3.25 అవుతుంది, 6 వస్తే 2.17 అవుతుంది. ఒక్క గీత తేడాతో రాయి జాతే మారిపోయింది! కాబట్టి చిన్న రాయిని పెద్ద జాడీలో వేయవద్దు. అదే రకం రాళ్లు నాలుగైదు కలిపి వేయండి, లేదా సన్నని జాడీ వాడండి. గాజు అంచుల దగ్గర నీరు పైకి వంగి ఉంటుంది. ఆ వంపు అడుగుభాగానికి కంటిని సమానంగా ఉంచి చదవాలి. పైనుంచి వంగి చూస్తే ఒకటి, కింద నుంచి చూస్తే మరొకటి కనిపిస్తుంది.

ఇక బుడగల సంగతి. గరుకు రాయిని పొడిగా నీటిలో దించితే దాని గుంతల్లో గాలి చిక్కుకుంటుంది. ఆ గాలి కూడా నీటిని పక్కకు నెడుతుంది కనుక ఘనపరిమాణం ఎక్కువగా, సాంద్రత తక్కువగా వస్తాయి. రాయిని ముందే తూచి, తర్వాత తడిపి, దారంతో నీటిలో దించి, రెండు మూడుసార్లు కుదపండి. ఇటుక ముక్క వంటి వాటిలోనైతే నీరు లోపలికి ఇంకుతూనే ఉంటుంది, జాడీలో నీటిమట్టం మెల్లగా దిగుతూనే ఉంటుంది. అలాంటి వాటితో ఈ ప్రయోగం మొదలుపెట్టకపోవడమే మేలు.

డిజిటల్ త్రాసు దొరికితే కొలజాడీ గొడవే ఉండదు. నీళ్లున్న బీకరును త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. దారంతో రాయిని నీటిలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అది అడుగునూ గోడలనూ తాకకూడదు. త్రాసు 5.0 గ్రాములు చూపితే రాయి ఘనపరిమాణం 5.0 ఘన సెంటీమీటర్లే. నీరు రాయిని ఎంత బలంతో పైకి నెడుతుందో, రాయి నీటిని అంతే బలంతో కిందికి నెడుతుంది. త్రాసు చూపేది ఆ బలాన్నే. దారం కాస్త వదిలి రాయిని అడుగుకు ఆనించి చూడండి, అంకె ఒక్కసారిగా 13 దాకా ఎగబాకుతుంది. ఉత్ప్లవన బలం అంటే ఏమిటో ఈ రెండు అంకెలు చెప్పినంత బాగా ఏ నిర్వచనమూ చెప్పలేదని నా అభిప్రాయం.

నీటిలో ముంచినా స్ప్రింగు త్రాసు ముల్లు పెద్దగా కదలలేదు

మీరు ఎంచుకున్న వస్తువు ఇనుము అయి ఉంటుంది. ఇనుము సాంద్రత సుమారు 7.9 కనుక 100 గ్రాముల ఇనుము తొలగించే నీరు 13 గ్రాములకు మించదు. త్రాసులో ఒక్కో గీత 10 గ్రాములైతే ఆ తేడా గీతకు కాస్త పైన ఆగుతుంది. అదే 100 గ్రాముల అల్యూమినియం తీసుకుంటే, దాని సాంద్రత 2.7 కనుక, తేడా 37 గ్రాములు. ముల్లు స్పష్టంగా వెనక్కి వస్తుంది. వస్తువు తగిలించకముందు ముల్లు సున్నా మీద ఉందో లేదో కూడా చూసుకోండి.

పొర్లిన నీటి బరువు, తగ్గిన బరువుతో సరిపోవడం లేదు

నీటిలో ముంచిన వస్తువు బరువు ఎంత తగ్గిందో, పాత్ర మూతి గుండా పొర్లిన నీరు అంతే బరువు ఉండాలి. సాధారణంగా పొర్లిన నీరే తక్కువగా వస్తుంది. పాత్రలో నీరు మూతి వరకు నిండకముందే వస్తువును దించితే, మొదట పెరిగిన నీరు బయటికి రాకుండా ఆ ఖాళీని నింపడానికే సరిపోతుంది. అందుకని ముందు పాత్రను మూతి గుండా పొర్లేదాకా నింపి, చివరి చుక్క ఆగేదాకా వేచి ఉండండి. తూచిన పొడి గిన్నెను అప్పుడు మాత్రమే మూతి కింద పెట్టాలి. వస్తువును నెమ్మదిగా దించండి. ధబేలున వదిలితే నీరు చిమ్మి బల్ల పాలవుతుంది.

గుడ్డు ఉప్పునీటిలో కూడా తేలడం లేదు

ఉప్పు చాలలేదు, అంతే. తాజా గుడ్డు సాంద్రత సాధారణంగా 1.03 నుంచి 1.09 వరకు ఉంటుంది. అర లీటరు నీటిలో రెండు చెంచాల ఉప్పు, అంటే సుమారు 12 గ్రాములు వేస్తే ద్రావణం సాంద్రత 1.015 దగ్గరే ఆగుతుంది. 55 గ్రాములు వేస్తే 1.07 అవుతుంది, 80 గ్రాములకు 1.10 దాకా వెళుతుంది. పది గ్రాముల చొప్పున వేస్తూ, ప్రతిసారీ పూర్తిగా కరిగించి చూడండి.

గుడ్డు పైకి రాక, కిందికి పోక నడిమధ్యలో నిలబడితే కంగారు పడకండి. కలపడం సరిగా జరగక అడుగున చిక్కని ఉప్పునీరు, పైన పలుచని నీరు పొరలుగా ఉన్నాయన్నమాట. గుడ్డు పై పొరలో మునిగి, కింది పొర మీద తేలుతోంది. బాగా కలిపితే ఈ వింత పోతుంది. పోగొట్టే ముందు ఒకసారి తనివితీరా చూడండి.

సీసాను నొక్కినా మునగాల్సిన బొమ్మ మునగడం లేదు

నీళ్ల సీసాలో మూతి కిందికి ఉండేలా వేసిన డ్రాపరో, కొనకు బంకమట్టి అంటించిన పెన్ను మూతో సీసాను నొక్కగానే మునగాలి, వదలగానే తేలాలి. దీనికి ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ పేరు మీద కార్టీసియన్ డైవర్ అని పేరు. మునగకపోతే మొదట సీసా మెడ చూడండి. అక్కడ గాలి మిగిలి ఉంటే మీ చేతి బలం ఆ గాలిని కుదించడానికే ఖర్చవుతుంది. నీటిని అంచుదాకా పోసి మూత బిగించండి. అప్పటికీ మునగకపోతే బొమ్మలో గాలి ఎక్కువైంది. దాని తల నీటిపై కొద్దిగా మాత్రమే కనిపించేలా మట్టి పెంచండి. సీసాను నొక్కినప్పుడు మూత దగ్గర నీరు చెమ్మగిల్లితే పీడనం అక్కడి నుంచే జారిపోతోంది.

దీనికి తిరగబడిన చిక్కు ఇంకొకటి: మునిగిన బొమ్మ తిరిగి పైకి రాదు. 30 సెంటీమీటర్ల నీటి అడుగున పీడనం వాతావరణ పీడనం కంటే సుమారు 3 శాతం ఎక్కువ. కనుక బొమ్మలోని గాలి కూడా అంత మేరకు కుదించుకుపోతుంది. పైన తేలీతేలనట్టు ఉన్న బొమ్మకు ఆ కొద్దిపాటి కుదింపే చాలు, అడుగున ఉండిపోతుంది. చిటికెడు మట్టి తీసేయండి.

మూడు రంధ్రాల సీసాలో అడుగు ధార అన్నిటికన్నా దూరం పడలేదు

ఈ చిక్కు వచ్చిందంటే మీ ప్రయోగం సరిగ్గా జరిగిందని అర్థం. తప్పు చాలా పుస్తకాల్లోని బొమ్మది. అడుగు రంధ్రం నుంచి వచ్చే ధారను అన్నిటికన్నా దూరంగా గీసి, లోతు పెరిగితే పీడనం పెరుగుతుందనడానికి రుజువుగా చూపిస్తారు. పీడనం పెరిగే మాట నిజం, అడుగు ధార వేగం ఎక్కువన్న మాటా నిజం. కానీ ధార ఎంత దూరం పడుతుందన్నది వేగం ఒక్కదాని మీదే ఆధారపడదు. నేల తాకేలోపు ఎంత ఎత్తు నుంచి పడుతోందన్నది కూడా చూడాలి.

సీసాలో నీరు 20 సెంటీమీటర్ల ఎత్తు ఉందనుకుందాం. నీటి పైతలం నుంచి 5, 10, 15 సెంటీమీటర్ల లోతులో రంధ్రాలు ఉన్నాయి. లోతును, రంధ్రం కింద ఉన్న ఎత్తును గుణించి, వర్గమూలం తీసి, రెండు రెట్లు చేస్తే ధార పడే దూరం వస్తుంది. సీసా బల్ల మీదే ఉంటే పై రంధ్రానికి 17.3, నడిమి రంధ్రానికి 20, అడుగు రంధ్రానికి మళ్లీ 17.3 సెంటీమీటర్లు. పైదీ కిందదీ ఒకే చోట పడతాయి! 1644లో టొరిసెల్లి ప్రకటించిన నియమం నుంచి వచ్చే లెక్క ఇది.

పుస్తకంలోని బొమ్మలాగే రావాలంటే సీసాను 30 సెంటీమీటర్ల ఎత్తు పీట మీద, అంచుకు దగ్గరగా పెట్టండి. అప్పుడు దూరాలు 30, 40, దాదాపు 46 సెంటీమీటర్లు అవుతాయి. వాస్తవంలో రాపిడి వల్ల ఇంతకంటే కాస్త తక్కువే వస్తాయి, కానీ వరుస మాత్రం మారదు. రంధ్రాలన్నీ ఒకే మేకుతో ఒకే పరిమాణంలో చేయండి. వాటిపై ఒకే టేపు అంటించి ఒక్క లాగుతో తీయండి. నీటిమట్టం దిగుతున్న కొద్దీ ధారలు దగ్గరవుతాయి కనుక పైనుంచి నీరు పోస్తూ ఉండాలి. సీసా మూత తీయడం మరిచిపోతే పై రంధ్రం నీటిని వదలకుండా గాలిని గుటకలు వేస్తుంది. ఆ గుటకల్లో వాతావరణ పీడనం పాఠం ఉంది గానీ, ఈ ప్రయోగానికి మాత్రం మూత తీసే ఉంచాలి.

మానోమీటరులో మట్టాల తేడా నిలవడం లేదు

మానోమీటరు అంటే U ఆకారపు గొట్టంలోని ద్రవమట్టాల తేడాతో పీడనం కొలిచే పరికరం; ఒక కొనకు గొట్టంతో గరాటు తగిలించి ఉంటుంది. ఆ గరాటు మూతికి బిగించిన రబ్బరు పొరను వేలితో నొక్కి అలాగే పట్టుకోండి. గొట్టంలో మట్టాలు తేడాతో నిలిస్తే పరికరం బాగుంది. మెల్లగా మళ్లీ సమానమైతే గాలి ఎక్కడో కారుతోంది. ఎక్కువగా గొట్టం గరాటుకు తగిలే చోటే ఇలా జరుగుతుంది. తడి సబ్బు రాస్తే బుడగ వచ్చి చోటు చూపిస్తుంది. 10 సెంటీమీటర్ల లోతుకు 10 సెంటీమీటర్ల తేడా రాక కాస్త తగ్గితే, రబ్బరు బిగువే కారణం. గొట్టంలో నీటికి బదులు 0.8 సాంద్రత గల కిరోసిన్ ఉంటే మాత్రం తేడా 12.5 సెంటీమీటర్లు రావాలి. గరాటును పైకి, పక్కకు, కిందికి తిప్పినప్పుడు విలువ మారితే లోతును పొర మధ్య నుంచి కొలవడం లేదని గుర్తు.

జవాబు వందల, వేల రెట్లు తప్పుతోంది

వెయ్యి రెట్లయితే సాంద్రత ప్రమాణం మార్చలేదు. ఘన సెంటీమీటరుకు 1 గ్రాము అంటే ఘన మీటరుకు 1000 కిలోగ్రాములు. పదివేల రెట్లయితే చదరపు సెంటీమీటర్లు అలాగే ఉండిపోయాయి. వంద రెట్లయితే లోతు సెంటీమీటర్లలోనే ఉంది. సరిచూసుకోవడానికి ఒక్క విలువ గుర్తుంచుకుంటే చాలు: 1 మీటరు లోతు నీరు 9800 పాస్కల్‌ల పీడనం కలిగిస్తుంది. జవాబు 1,01,325 పాస్కల్‌ల దరిదాపుల్లో తేడాగా ఉంటే అది ప్రమాణాల తప్పు కాదు. ప్రశ్న మొత్తం పీడనం అడిగింది, మీరు వాతావరణ పీడనం కలపలేదు.

ఉత్ప్లవన బలం లెక్కలో అసలు ఎక్కడ తప్పిందో తెలియడం లేదు

మొదట ఒకే ప్రశ్న వేసుకోండి: వస్తువు తేలుతోందా, పూర్తిగా మునిగిందా? తేలుతుంటే ఉత్ప్లవన బలం దాని బరువుకు సమానం. అక్కడ వస్తువు మొత్తం ఘనపరిమాణం వేయకూడదు. 0.6 సాంద్రత గల చెక్కలో నీటి కింద ఉండేది 60 శాతమే. పూర్తిగా మునిగితే మొత్తం ఘనపరిమాణం వేయాలి. ఇంకా లోతుకు దించితే బలం పెరుగుతుందని రాసేవారు చాలామంది. పీడనం పెరుగుతుంది, కానీ వస్తువు పైనా కిందా ఒకే మేరకు పెరుగుతుంది కనుక తేడా మారదు.

పడవలోని రాయిని చెరువులో వేస్తే నీటిమట్టం ఏమవుతుందన్న ప్రశ్న కూడా ఈ ఒక్క ప్రశ్నతోనే విడిపోతుంది. 500 గ్రాముల రాయి పడవలో ఉన్నంతసేపు తన బరువుకు సమానమైన నీటిని, అంటే 500 ఘన సెంటీమీటర్లు తొలగిస్తుంది. సాంద్రత 2.5 అయితే నీటిలో మునిగాక తొలగించేది 200 మాత్రమే. కనుక మట్టం తగ్గుతుంది. మంచినీటిలో తేలే మంచు కరిగితే మట్టం మారదు, ఎందుకంటే 92 గ్రాముల మంచు 92 ఘన సెంటీమీటర్ల నీటినే తొలగించి, కరిగి అంతే నీరవుతుంది. అదే మంచు 1.025 సాంద్రత గల సముద్రపు నీటిలో దాదాపు 90 ఘన సెంటీమీటర్లే తొలగిస్తుంది, కరిగాక మాత్రం 92 అవుతుంది. అక్కడ మట్టం కొద్దిగా పెరుగుతుంది.