పాము కాటు తిన్నోడికి ఏం చెప్తాం? వాక్యం చెప్పే తమ్ముళ్ల కోసం

మన రాజోలు, మలికిపురం వైపు గృహకూడికల్లో కుర్ర తమ్ముళ్లు చాలామంది వాక్యం చెప్తున్నారు, సంతోషం అండి, కానీ ఒక్కోసారి గంటసేపు విన్నాక చూస్తే యేసయ్య పేరు ఆఖరి ప్రార్థనలో తప్ప ఎక్కడా రాలేదు, అది నాకు చాలా బాధ. అందుకే ప్రసంగం ఎలా రెడీ చేసుకోవాలో నాకు తెలిసింది రాస్తున్నా.

సంఖ్యాకాండం 21 తీసుకోండి. యూట్యూబ్ ఓపెన్ చెయ్యకుండా మూడుసార్లు చదవండి. ఎడారిలో ఇశ్రాయేలు జనం దేవుడి మీద సణిగారు, పాములు కరిచాయి, చాలామంది చచ్చిపోయారు. మనం ఇక్కడే ఆగి "కాబట్టి సణగకండి" అని ముగించేస్తాం. ఊడ్పులప్పుడు గట్టు మీద కట్లపాము కరిచినోడి దగ్గరకెళ్లి "చూసుకుని నడవాలి కదరా" అంటే మాట నిజమే, కానీ వాడికిప్పుడు కావాల్సింది మందు.

మోషే ఇత్తడి సర్పం చేయించి స్తంభం మీద పెట్టాడు, కాటు తిన్నోడు దాన్ని చూస్తే బతికాడు. ముందు మంచోడివి అవ్వు అనలేదు, చూడమన్నాడు అంతే. వెంటనే యోహాను 3:14కి వెళ్లండి, అదే సర్పంలా నేనూ ఎత్తబడాలని నీకొదేము అనే యూదుల పెద్దతో యేసయ్యే చెప్పాడు, మనం కల్పించింది కాదు. మీ టైంలో సగం ఇక్కడే పెట్టండి, సిలువ మీద ఆయన ఎవరి పాపం మోశాడో, ఎందుకు మోశాడో నిదానంగా చెప్పండి, తొందరపడొద్దు.

అన్ని భాగాల్లోనూ ఇంత సూటిగా దొరకదు. కర్ర కనపడిన ప్రతిచోటా సిలువ అని లాగకండి. ఇక్కడ మనిషి లోటు ఏంటి, అది క్రీస్తులో ఎలా తీరింది అని మిమ్మల్ని మీరే అడగండి చాలు.

మరి మంచి నడవడి చెప్పొద్దా? చెప్పాలి, తర్వాత. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్లు రాకుండానే కాలవ చివరి శివారు రైతుని దాళ్వా, అంటే రెండో పంట వరి, ఊడ్చమంటే ఏం చేస్తాడు పాపం, నీళ్లొస్తే ఊడవమని ఎవరూ చెప్పక్కర్లేదు. ఎఫెసీ 2లో కూడా చూడండి, కృపచేత రక్షణ 8, 9 వచనాల్లో, సత్క్రియలు 10లో.

ఇంకోటి. ఆ ఇత్తడి సర్పానికే తర్వాత జనం ధూపం వెయ్యడం మొదలెట్టారు, యూదా రాజు హిజ్కియా దాన్ని ముక్కలు చేయించాడు, 2 రాజులు 18:4. దేవుడు చేయించిందే అది! కాబట్టి ప్రార్థన చేసి ఇచ్చే నూనె గురించి చెప్పేటప్పుడు జనం దాన్నే నమ్ముకోకుండా జాగ్రత్త, కూడికకి ఫ్లెక్సీ వేయించేటప్పుడు మీ ఫోటో ఎంత సైజులో వస్తుందో కూడా ఒకసారి చూసుకోండి తమ్ముళ్లూ.